పదకొండో గడి

ఆటోనగర్‌లో మధ్యాహ్నం మూడు.
గ్రైండర్లు ఆగి టీ గ్లాసులు మోగే వేళ.
సంతలో ఎద్దు పళ్ళు లెక్కపెట్టినట్టు
కిల్లి పోలారావు మా ట్రైలర్ తలుపు బందులు లెక్కపెట్టాడు.
కుడిపక్క రేకుని మెటికతో కొట్టి విన్నాడు.
ఎడమపక్క కొట్టలేదు.
కొట్టడానికి అక్కడ రేకేదీ.

"ఎక్కడ తగిలిందమ్మా?"
అనంతగిరి ఘాట్లో. దిగుతుంటే.
వాన, పిట్టగోడ.
"బండెవలు తోలేరు?"
నేను టీ ఊదుకున్నాను.
అది అప్పటికే చల్లారిపోయింది.

చీటీ ఎత్తి కొన్నాం, అక్కా నేనూ.
కాగితాలు నా పేర, తాళాలు అక్క పేర.
మర్రిపాలెంలో అందరూ నవ్వారు:
ఇల్లుండగా ఇంటిని తోకలా కట్టుకు తిరగడమేంటని.
తిరిగాం.
లంబసింగిలో పొగమంచు కిటికీ దాటొచ్చి
మా ఇద్దరి దుప్పట్లో మూడోదై పడుకుంది.
భీమిలి దగ్గర చక్రం దిగబడితే
వల లాగేవాళ్ళు వల ఒగ్గేసి వచ్చి తోశారు,
పైగా గుప్పెడు కవ్వళ్ళు ఇచ్చారు.
ఆ ఇసుక ఇప్పటికీ అరల మూలల్లో ఉంది,
ఎంత ఊడ్చినా.

సర్వేయర్ సనపల వరప్రసాద్ గారు
పద్నాలుగు ఫోటోలు తీశారు, అన్నీ బయటినుంచే.
లోపల ఆవకాయ జాడీ పగిలిందండీ,
పరుపంతా నూనె, అన్నాను.
"ఊరగాయకి పాలసీ లేదు మేడం," నవ్వారు.
మంచి మనిషే.
నెల తర్వాత ఆయనే ఫోన్ చేశారు:
"ఫారంలో పదకొండో గడి ఖాళీగా ఉంది.
అది నిండితేగానీ ఫైలు కదలదు."

ప్రమాద సమయంలో వాహనం నడుపుతున్నది ఎవరు?
వేలెడు గడి.
నా పేరు రాస్తే అబద్ధం.
అక్క పేరు రాస్తే నిజం,
కానీ ఆ నిజాన్ని నేను ఘాట్ మీదే
వానలో నిలబడి, లారీ వాళ్ళు వింటుండగా
ఒకసారి చెప్పేశాను.
అక్క ఆ రోజు అన్నది ఒక్క మాట.
నేనన్నవి తొమ్మిది.
మర్నాడే తన గిన్నెలు సర్దుకుని
కంచరపాలెంలో గది తీసుకుంది.

పోలారావు బాగున్న వైపు రేకు మీద
సుద్దతో లెక్కలేశాడు.
క్లెయిమ్ డబ్బులు మీరుంచుకుంటే ఇంత.
నాకు ఒగ్గేస్తే ఇంత.
"ఏటీ తేలకపోతే మరి తూకమే, కిలోల్లెక్క."
బదులుగా ఇచ్చే బండి చూపించాడు:
చిన్నది, తెల్లది, గీత కూడా పడనిది.
ఎక్కి చూశాను.
పొయ్యి ఒకటే బర్నరు.
మంచం ఒక్కరికే.
"మీకిది సరిపోద్దమ్మా, ఇంకెవలున్నారు?"

బయటికొచ్చి ఫోన్ చేశాను.
నూకరత్నం ఎత్తింది. హలో లేదు.
"పదకొండో గడిలో ఏం రాయను?"
అటు కుళాయి నీళ్ళ చప్పుడు.
బిందె నిండి పొర్లడం వినబడింది,
అయినా ఎవరూ కట్టలేదు.
"నా పేరే రాయి," అంది చివరికి.
"తోలింది నేనే కదా.
స్పెల్లింగు తప్పు రాయకు, రేషన్ కార్డులో రాసినట్టు."
నేనేదో అనబోయాను.
"ఆ పరుపు ఎండలో వేశావా?
నూనె మరక ఉతికితే పోదు,
శనగపిండి జల్లాలి. నీకేం తెలుసు."

కుళాయి కట్టిన చప్పుడు.

ట్రైలర్ బానెట్ లేని బండి,
దాని నుదుటి మీదే కాగితం ఆనించి రాశాను.
మొదటి అక్షరం వంకర పోయింది.
పోలారావు సుద్దముక్క ఎత్తి నిలబడ్డాడు:
"ఏ లెక్క ఖాయం సెయ్యమంటారు?"

"కొక్కెం తగిలించు బాబూ," అన్నాను.
"ఇలాగే ఇంటికి లాక్కెళ్తాం."

వెళ్తాం అన్నానని కాబోలు,
అతను నా వెనక్కి తొంగిచూశాడు,
ఇంకెవరొచ్చారా అని.